వాన పడనీ, గీద్దాం

వానసారు పోయాడన్న సంగతి నాకు సోమందేపల్లె దగ్గర, హైవే పక్క మొక్కల నర్సరీలో తెలిసింది. బెంగుళూరు నుంచి ఒక పని మీద అనంతపురం వెళ్తూ, వేప మొక్కలు తీసుకుందామని జీపు ఆపించాను. నర్సరీ ఆయన మొక్కల సంచులు ఎత్తి జీపులో సర్దుతూ నా ముఖం రెండుసార్లు చూశాడు.

"నువ్వు ఆ వానసారు తావ పనిజేసిన పాపవు గదమ్మా?"

అవునన్నాను.

"ఆ సారు పోయినాడు గదమ్మా, మొన్న ఎండాకాలం. నీకు తెలీలేదా?"

నాకు తెలియలేదు. ఎవరు చెప్తారు? ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరు, నేనా ఊరు వదిలి ఏడేళ్ళయింది. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "వాన పడకముందేనా?" అని అడిగాను. ఏం ప్రశ్న అది! నర్సరీ ఆయన నావైపు వింతగా చూసి, "అవునమ్మా, ముందే" అన్నాడు. పది మొక్కలకని ఆగినదాన్ని, ఏం చేస్తున్నానో తెలియక ముప్పై ఎక్కించుకున్నాను.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అనంతపురంలో ఆయన ఒంటిగది ఆఫీసు బోర్డు మీద ఆ పేరు, దాని కింద 'ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్' అన్న మాట ఉండేవి. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఇద్దరే, ఒకరు ఆయన, ఇంకొకరు నేను. మిగతావాళ్ళకు ఆయన తోటల ఇంజినీరు. పెళ్ళిపందిరికి పూల డెకరేషన్ కావాలని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన ఎవరినీ కసురుకునేవాడు కాదు.

"కూసో అప్పా. పెండ్లి యాడ? ఇంటి ముందరనా? ఆడ వానొస్తే నీళ్ళు యాడికి పోతాయి?" అని మొదలుపెట్టేవాడు. పూల కోసం వచ్చిన మనిషి అరగంట తర్వాత తన ఇంటి ముందు తవ్వాల్సిన కాలువ బొమ్మ చేతబట్టుకుని వెళ్ళిపోయేవాడు. పూల సంగతి ఇద్దరూ మర్చిపోయేవాళ్ళు.

వానసారు అన్న పేరు ఇంజినీర్లు పెట్టారు, వెక్కిరింతకే పెట్టారు. ఎవరు ఏ ప్లాను అడిగినా ఆయన మొదటి జవాబు ఒకటే: "వాన పడనీ, గీద్దాం." ఆ స్థలం మీద ఒక్క వానైనా పడాలి, నీళ్ళు ఎటు పారాయో, ఎక్కడ నిలబడ్డాయో ఆయన కళ్ళతో చూడాలి. అప్పటిదాకా పెన్సిలు ముట్టేవాడు కాదు. ఇంకో జిల్లాలో అయితే సరే, నాలుగు రోజులు ఆగితే సరిపోతుంది. వాన కోసం మొహం వాచిపోయిన అనంతపురంలో వాన పడితేగాని పని చేయనని కూర్చున్న మనిషిని ఏమనాలి?

"మీకు ఇంకే ఊరూ దొరకలేదా సార్?" అని ఒకసారి విసుగెత్తి అడిగాను.

"ఈడయితేనే పాపా, పడిన ప్రతి వానా గుర్తుంటాది" అన్నాడు.

ఆయనది వజ్రకరూరు దగ్గర పల్లె. అక్కడ తొలకరి వాన పడి వెలిసిందంటే చాలు, జనం చేలల్లోకి దిగి తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారు. చిన్నప్పుడు ఈయనా వెళ్ళేవాడట. "మా నాయన రాయి చూస్తాంటే నేను నీళ్ళు చూస్తాంటి. ఇద్దరికీ ఏమీ దొరకలే" అని పగలబడి నవ్వేవాడు. ఆ వంచిన తల మళ్ళీ ఎత్తినట్టు లేదు. టవర్ క్లాక్ దగ్గర అంత రద్దీలోనూ నేల చూసుకుంటూ నడిచేవాడు. తెలిసినవాళ్ళు "ఏం సార్, దొరికెనా?" అని ఏడిపిస్తే, "దొరికింది. నీకు చూపీను పో" అని సాగిపోయేవాడు.

గొడుగు ఎప్పుడూ చంకలో ఉండేది. అది విప్పగా నేను ఒక్కసారీ చూడలేదు. దాంతో నేలను పొడిచి ఎంత లోతున గట్టి తగిలిందో చూసేవాడు, దాంతోనే కొలిచేవాడు. మోడం కమ్మి నాలుగు చినుకులు పడితే ఊరంతా ఇళ్ళలోకి పరిగెత్తేది, ఈయన మాత్రం ఆఫీసుకు తాళం వేసి సైకిలెక్కి బయటికి పరిగెత్తేవాడు. వెనక నేను, ఎవరిదో ఒకరి సైకిలు అడిగి తీసుకుని, తిట్టుకుంటూ. జేబులో వేరుశనగ తొక్కలు ఉండేవి. స్థలం మిట్ట మీద నిలబడి పారే నీళ్ళలో గుప్పెడు తొక్కలు వదిలి వాటి వెంట పడేవాడు. "అదో అదో, తిరిగింది చూడు! ఆడ ఆగింది! పాపా, ఆడ రాయి పెట్టు!" అంటూ, తడిసి ముద్దయి, యాభై దాటిన మనిషి చిన్నపిల్లాడికన్నా అన్యాయంగా కేకలు వేసేవాడు. నాకు నవ్వొచ్చేది, ఆ పక్కనే ఆయన మీద ఎంతో ప్రేమ కలిగేది.

లాన్ అంటే ఆయనకు ఒళ్ళుమంట. ఒక ఆఫీసరు తన బంగళా ముందు బెంగుళూరులో మాదిరి పచ్చిక కావాలన్నాడు. "ఏస్తా సార్, దానికేముంది" అన్నాడు ఈయన వినయంగా. "రోజూ పొద్దున నీళ్ళు మీరు పోస్తారా, అమ్మగారు పోస్తారా?" ఆ పని మాకు రాలేదు.

ఇక నా సంగతి. మాది ధర్మవరం. ఇంట్లో పట్టుమగ్గాలు. చీర అంచులకూ బుటాలకూ డిజైన్లు మా నాయనే గ్రాఫు కాగితం మీద గీసేవాడు. నాకు పెన్సిలు పట్టడం ఆయన ఒళ్ళోనే వచ్చింది. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివాక, ఢిల్లీలో ల్యాండ్‌స్కేప్ చదువు చదవాలని నాకు పట్టుకుంది. సీట్లు చాలా తక్కువ. మొదటి ఏడాది ఇంటర్వ్యూలో "నేల మీద నువ్వు చేసిన పని ఏది?" అన్నారు. నా దగ్గర ఏదీ లేదు. అందుకే వచ్చి వానసారు దగ్గర చేరాను.

నాయన చదువుకు అడ్డం చెప్పినవాడు కాదు. ఆయనకు ఈ చదువు మాత్రం అర్థం కాలేదు. "చెట్లు నాటేదానికి ఢిల్లీకి పోవల్నా? ఆడ చెట్టు గీస్తావు, ఈడ బుటాలో చెట్టు గీస్తావు. ఏం తేడా చెప్పు?" అన్నాడు. "ఇంగ ఒక్క ఏడు చూస్తా. ఈ తూరి సీటు రాకుంటే వచ్చి గమ్మున గ్రాఫు ముందర కూసో. నాకూ కండ్లు కనపడటం లే."

ఆ చివరి మాట విని సరేనన్నాను. కాబట్టి ఆ ఏడాది సీటు వస్తే వచ్చినట్టు, లేకపోతే జన్మంతా అంచులూ బుటాలే.

ఆ ఏడాదే మాకు రాప్తాడు దారిలో కడుతున్న ఆడపిల్లల హాస్టలు పని వచ్చింది. నాలుగెకరాల ఎర్రమొరం నేల, రెండు వేపచెట్లు, చుట్టూ కొత్తగా కట్టిన గోడ. ఆ ప్లాను నా చేత్తో గీసి, సార్ సంతకంతో అప్లికేషన్‌కు జతచేసి పంపితే నాకు చూపించుకోవడానికి ఒక పని ఉన్నట్టవుతుంది. ఆఖరు తేదీ జూలై చివర.

వాన రాలేదు. జూన్ గడిచింది, జూలై సగమయింది. రోజూ సాయంత్రం మోడం పట్టేది, గాలి లేచి కొట్టుకుపోయేది. నేను రోజూ బతిమాలాను. "సార్, లెవెల్స్ అన్నీ తీసినాం. ఏది ఎత్తో ఏది పల్లమో కాగితం మీద ఉంది. ఇంకేం కావాలి?"

"ఎత్తు చెప్తాది ఆ లెవెల్స్ మిషను. నీళ్ళు ఏమనుకుంటాండాయో చెప్పదు" అన్నాడు.

"నా సీటు పోతుంది సార్."

ఆయన ముఖం చిన్నబోయింది. గొడుగు పిడి తిప్పుతూ, "వాన రాకుంటే నేనేం చేసేది పాపా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా ముఖం వేడెక్కుతుంది. హాస్టలు గోడలు తడపడానికి రోజు విడిచి రోజు ట్యాంకరులో నీళ్ళు వచ్చేవి. పొద్దున్నే వెళ్ళి ట్యాంకరు డ్రైవరును మిట్ట మీదికి తీసుకుపోయాను.

"అన్నా, ఈ పొద్దు తొట్టిలో వద్దు. ఈడ నేల మీద వదులు."

"నేల మీదనా? పిచ్చి గిన పట్టిందా పాపా నీకు?"

"సారు చెప్పినాడు" అన్నాను. అంత సులువుగా అబద్ధం వచ్చింది.

అతను గొణుక్కుంటూ తిప్పాడు. నీళ్ళు బుస్సుమని దూకి, మొరం మీద ఎర్రగా పారాయి. నా ఆనందం చెప్పలేను. ప్లాను అట్ట మీద పెట్టుకుని నీళ్ళ వెంట పరిగెత్తాను. తూర్పు మూలకు పోతున్నాయి! గీస్తున్నాను, నవ్వుతున్నాను, వానను నేనే కురిపించినట్టు మిడిసిపడుతున్నాను. తల ఎత్తి చూస్తే గోడ గేటు దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పది పన్నెండు మంది, చంకల్లో ఖాళీ బిందెలు. గోడ వెనక గుడిసెల వాళ్ళు. ట్యాంకరు వచ్చినప్పుడు డ్రైవరు దయతలిస్తే తలా ఒక బిందె పట్టుకునేవాళ్ళని నాకు తెలియదు. పారే నీళ్ళ వైపు చూస్తున్నారు. ఒక ముసలామె మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"ఏం పాపా, నేలకు దప్పికయిందా?" అని అడిగింది. "మా ఇంట్లో నిన్నటి నుంచి ఆడపిల్ల తానం చేయలే."

అప్పుడే సార్ సైకిలు వచ్చింది. ఆయన ఒక్క చూపులో అంతా చూసి, సైకిలు అక్కడే పడేసి వచ్చి, తడుస్తూ తన చేత్తో ట్యాంకరు నీళ్ళు కట్టేశాడు.

"ఎవురప్పా ఇది తిప్పమనింది?" అన్నాడు.

"మీరే చెప్పినారంట గద సార్" అన్నాడు డ్రైవరు.

సార్ నావైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. ఆయన ముసలామె వైపు తిరిగాడు. "అవును అవ్వా, నేనే చెప్పినా. తప్పు నాది. బిందె ఇటు పెట్టు" అన్నాడు. మిగిలిన నీళ్ళు ఆయనే గొట్టం పట్టుకుని ఒక్కొక్క బిందెలో పోశాడు. చివరి బిందె నిండేదాకా నావైపు మళ్ళీ చూడలేదు. నిండాక అవ్వ బిందె ఎత్తి నా చంకన పెట్టాడు.

"పో. వాళ్ళింటిదాకా మోసి రా."

అంతే. ఒక్క తిట్టు లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

బిందె మోస్తూ అవ్వ వెనక నడిచాను. గేటు దాటి, గోడ పొడుగునా పోయి, మూల తిరిగి, మళ్ళీ గోడ వెంట. చేయి పడిపోతోంది. "ఇంగ ఎంత దూరం అవ్వా?" అన్నాను. "అదో, ఆ రేకుల ఇల్లే. గోడ కట్టకముందు అడ్డం బడి పోతాంటిమి, ఇంత దూరం లేదు. ఇంజినీర్లు చూసుకోలే" అంది మామూలుగా. నేనూ ఆ ఇంజినీర్లలో ఒకదాన్నే. నాలుగెకరాలూ లెవెల్స్ తీశాను, పడమటి వైపు నేల మీద అరిగిపోయి కనిపించే కాలిబాట గోడకు కొట్టుకుని ఆగిపోయిందని చూడలేదు.

తిరిగొచ్చి సార్‌కు చెప్పాను. ఆయన ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "గీయి. ఆ దారి గీయి. అది వానతో పనిలేకుండా తెలిసిన సంగతి" అన్నాడు. గీశాను. గేటులోంచి గొర్రెలు పోయే దారి, రెండు వేపచెట్లు, ఆడవాళ్ళ పాత బాట, అది తెగిన చోటు. ట్యాంకరు నీళ్ళ గీత కూడా గీస్తానంటే ఒప్పుకోలేదు. "ట్యాంకరు ఒక్క తావ పోస్తాది పాపా. వాన నేలంతా పోస్తాది. రెండూ ఒకటి కాదు." మిగతా కాగితమంతా ఖాళీ. ఆ ఖాళీలో తన చేత్తో 'వాన చూసి మిగతాది గీస్తాం' అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాడు. సగం ఖాళీ కాగితంతో ఢిల్లీలో సీటు అడగాలి! నా ఆశ మీద నీళ్ళు చల్లాడనుకున్నాను, ఊళ్ళో నీళ్ళే లేని ఏడాది. ఒక ఉత్తరం కవరులో పెట్టి అంటించి జతచేశాడు. నేను అది పోస్టు చేసి ఇంటికి పోయాను.

ఇంటర్వ్యూకు పిలిచారు. బల్ల మీద నా సగం ఖాళీ కాగితం పరిచి ఉంది. పెద్దాయన ఒకరు సార్ ఉత్తరం తిప్పి చూస్తూ, "మీ గురువు విచిత్రమైన మనిషి. కరువులో తాగే నీళ్ళు నేల మీద పోయించి తప్పు చేశానని తనే రాసుకున్నాడు. ఆ తప్పులోంచి ఆడవాళ్ళ దారి కనిపెట్టింది మాత్రం నువ్వేనని రాశాడు. నిజమేనా?" అన్నారు.

అవునంటే అయిపోయేది. నా బతుకంతా ఆ ఒక్క 'అవును' మీద ఉంది. నాయన కళ్ళు, గ్రాఫు కాగితాలు, అన్నీ మెదిలాయి. వాటితోపాటు గొట్టం పట్టుకుని తడిసిన చొక్కాతో నిలబడ్డ సార్ కూడా.

"కాదండీ" అన్నాను. "పోయించింది నేను. ఆయన పేరు చెప్పి పోయించాను. దారి కూడా నేను కనిపెట్టలేదు. ఆయన బిందె మోయిస్తే కనపడింది."

చివర కూర్చున్న ఒక పెద్దావిడ కళ్ళజోడు తీసి, "ఆ తర్వాత వాన పడిందా?" అని అడిగారు. "ఇంకా లేదండీ" అన్నాను. "సరే, వెళ్ళు" అన్నారు. స్టేషనుకు వచ్చి ప్లాట్‌ఫారం మీద కూర్చుని బాగా ఏడ్చాను.

సీటు వచ్చింది. నాయన ఆ సంగతి రాసిన కార్డు మూడుసార్లు చదివించుకుని, "పో అయితే. చెట్లు బాగా గీయి" అన్నాడు. చేతిలో పట్టుదారం కండె అలాగే పట్టుకుని బస్టాండు దాకా వచ్చాడు.

సెప్టెంబరులో ఢిల్లీలో నేనుంటున్న హాస్టలుకు వానసారు పోస్టుకార్డు వచ్చింది. 'వాన పడింది. గంటన్నర. నీ ట్యాంకరు అబద్ధం చెప్పింది. సెలవులకు వచ్చినప్పుడు చూద్దువు.' ఇంతే. చదివి సంతోషించానా? లేదు, ఉక్రోషం వచ్చింది. ఏం చూడాలి? దసరా సెలవులకు ఇంకా మూడు వారాలుంది. అనంతపురం నేల మీద పడ్డ వాన మూడు గంటలు నిలవదు. ప్లాను ఈపాటికి ఆయనే గీసేసి ఉంటాడు, నేను మొదలుపెట్టిన పని నేను లేకుండానే అయిపోయింది అనుకున్నాను. ఆ వాన కోసం ఆయనకన్నా ఎక్కువ ఎదురుచూసింది నేను.

సెలవులకు అనంతపురంలో రైలు దిగి, ధర్మవరం పోకుండా పెట్టెతో సహా రిక్షా ఎక్కి రాప్తాడు దారిలో ఆ ఆడపిల్లల హాస్టలు దగ్గరికే వెళ్ళాను. పొద్దున ఏడు కాలేదు. గేటు తీసుకుని లోపలికి వెళ్ళి అలాగే నిలబడిపోయాను. ఎర్ర నేల మీద, మిట్ట నుంచి, తెల్లగా సున్నపు గీతలు. ఒకటి కాదు, చాలా. సన్నగా బయలుదేరి, ఒకదానితో ఒకటి కలిసి, వేపచెట్టు మొదట్లో మలుపు తిరిగి, తూర్పుకు కాదు, పడమటికి పోయాయి. నీళ్ళు నిలిచిన చోట గుండ్రంగా గీసి ఉంది. అన్నీ కలిసి పోయి పోయి, అవ్వ వాళ్ళ పాత బాట తెగిన చోటే గోడకు తగిలి ఆగాయి. గీతలు నిన్నో ఇవాళో వేసినట్టు తెల్లగా ఉన్నాయి.

వాచ్‌మన్ పళ్ళు తోముకుంటూ వచ్చాడు. "నువ్వేనా పాపా ఆ ఢిల్లీ పాపవు?" అన్నాడు. "ఆ దినం సారు వానలో తడుస్తా సున్నం రాళ్ళతో గురుతులు పెట్టినాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే తట్ట ఎత్తుకొని రావడం, గాలికీ గొర్రెల కాళ్ళకూ చెరిగిపోయినకాడల్లా మల్లా పోయడం. మూడు వారాలాయ, ఒక్క దినం తప్పలే. ఎందుకు సార్ ఇంత అవస్థ, కాగితంమీద గీసుకోగూడదా అని అడిగినా. 'ఒక పాప వానకు రాలేకపోయింది. అది వచ్చేదాకా వానను పట్టి నిలబెట్టుకోవల్ల' అన్నాడు."

నేను పెట్టె వదిలేసి అక్కడే కూలబడ్డాను. వెక్కి వెక్కి ఏడుస్తుంటే మిట్ట మీంచి కేక వినబడింది. "తొక్కొద్దు పాపా, తొక్కొద్దు! పక్కన నడువు!" నెత్తి మీద సున్నం తట్ట, చేతులూ మీసాలూ తెల్లబడి, ఆయన పరిగెత్తుకొస్తున్నాడు. నేను లేచి, కళ్ళు తుడుచుకుని, గీత పక్కన నడిచాను. ఆయన నా పక్కన నడిచాడు. ఆ వాన పడిన రోజు నేను అనంతపురంలో లేనని ఎవరైనా అంటే అననివ్వండి. మిట్ట మీంచి గోడ దాకా నేను దాని వెంటే నడిచాను.